హెవీ డ్యూటీ పికప్‌కి గ్యాస్ ఇంజనా, డీజిల్ ఇంజనా? ఎలా తేల్చుకోవాలి

అమెరికాలో పెద్ద పికప్ ట్రక్ కొంటున్న తెలుగువాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. డాలస్, హ్యూస్టన్ శివార్లు దాటి ఐదో పదో ఎకరాలు కొన్నవాళ్లు, ఆర్‌వీ ట్రెయిలర్ (లోపల ఇల్లులా ఉండే బండి) తగిలించుకుని పిల్లల్ని నేషనల్ పార్కులు తిప్పాలనుకునేవాళ్లు, స్కిడ్ స్టీర్ (మట్టి తీసే చిన్న యంత్రం) లాక్కుని పనులకి తిరిగే చిన్న కాంట్రాక్టర్లు. మామూలు ఎఫ్-150 లాంటిది సరిపోదని తేలాక ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 హెచ్‌డీ దగ్గరికొస్తారు. ఈ మూడూ 2500 తరగతి కిందికే వస్తాయి. అక్కడ సేల్స్‌మన్ అడిగే మొదటి ప్రశ్న: గ్యాసా, డీజిలా? గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే.

మనవాళ్లలో ఎక్కువమంది ఆలోచించకుండా డీజిల్ అనేస్తారు. ఇండియాలో అలవాటైన లెక్క అది. డీజిల్ చవక, మైలేజీ ఎక్కువ, బండి పదికాలాలు నడుస్తుంది. అమెరికాలో ఈ లెక్కలో మొదటి ముక్కే తప్పు. ఇక్కడ డీజిల్ గ్యాలన్ ధర చాలా ఏళ్లుగా గ్యాస్ కంటే ఎక్కువే ఉంటోంది. ఫెడరల్ పన్నే చూడండి, గ్యాస్ మీద గ్యాలన్‌కి 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. పైగా డీజిల్ ఇంజన్ కావాలంటే ట్రక్ ధర మీద ఇంచుమించు 10,000 డాలర్లు అదనం. కాబట్టి ఇంధనం ఆదా అవుతుందని డీజిల్ కొనొద్దు. బరువు లాగాల్సి ఉంటే కొనండి. మీరు ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎంత ఎత్తుకి లాగుతారన్నదే అసలు ప్రశ్న.

ముందు ఏం లాగుతారో కాగితం మీద రాయండి

"ఎప్పుడైనా అవసరం పడొచ్చు" అనేది లెక్కలోకి రాదు. వచ్చే రెండేళ్లలో కచ్చితంగా తగిలించబోయేదేంటో రాయండి. దాని పక్కన బరువు వేయండి. ట్రెయిలర్ బ్రోషర్‌లో ఉండే ఖాళీ బరువు వేయకండి. ట్రెయిలర్ ముందు భాగంలో ఎడమ పక్కన అతికించి ఉండే ప్లేట్ మీద జీవీడబ్ల్యూఆర్ అని ఉంటుంది, అంటే సామాను నింపాక ఆ ట్రెయిలర్ దాటకూడని మొత్తం బరువు. ఆ అంకె వేయండి. ఖాళీ బరువుకీ దీనికీ తేడా మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. ఆర్‌వీలో 60 గ్యాలన్ల ట్యాంక్ నింపితే అదొక్కటే 500 పౌండ్లు. ఇక బ్యాటరీలు, ప్రొపేన్ సిలిండర్లు, బియ్యం బస్తా, ఇడ్లీ పాత్ర, పిల్లల సైకిళ్లు అన్నీ ఎక్కుతాయి.

ఇలా రాస్తే చాలామందికి విషయం సగం తేలిపోతుంది. ఉదాహరణకి పొలం కోసం లోడర్ ఉన్న చిన్న ట్రాక్టర్, వెనక గడ్డి కోసే ష్రెడర్, ఇవన్నీ మోసే 20 అడుగుల ట్రెయిలర్. అన్నీ కలిపినా 8,000 పౌండ్ల దగ్గర ఆగుతుంది. నెలకోసారి, అదీ టెక్సాస్ చదును రోడ్ల మీద లాగడానికి డీజిల్ దండగ. ఈ తరగతిలో ఏ గ్యాస్ ఇంజనైనా ఆ పని చేసేస్తుంది.

నేను పెట్టుకునే గీత ఇది. 10,000 పౌండ్ల లోపు అయితే గ్యాస్, రెండో ఆలోచన అక్కర్లేదు. 10,000 నుంచి 14,000 వరకు ఎన్నిసార్లు లాగుతారు, ఎక్కడికి లాగుతారు అన్నదాన్ని బట్టి. అది దాటినా, లేదా బరువు తక్కువైనా ప్రతి వారం లాగుతున్నా డీజిల్. కంపెనీలు గ్యాస్ ట్రక్కులకి కూడా ఇంతకంటే పెద్ద అంకెలే ప్రకటిస్తాయి. లాగగలగడం వేరు, మూడు గంటలు టెన్షన్ లేకుండా లాగడం వేరు.

ఇంజన్ల అంకెలు ఓసారి చూసుకోండి

ఈ తరగతిలో అమ్ముతున్నది ఫోర్డ్, జీఎం, రామ్ మాత్రమే. టయోటా తప్ప వేరేది ముట్టనివాళ్లకి ఇక్కడ దారి లేదు.

ఫోర్డ్ సూపర్ డ్యూటీలో గ్యాస్ ఇంజన్లు రెండు. 6.8 లీటర్ల వీ8 ఇచ్చేది 405 హార్స్‌పవర్, 445 పౌండ్-ఫుట్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం). 7.3 లీటర్లది 430, 485. డీజిల్ 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్: 475 హార్స్‌పవర్, 1,050 పౌండ్-ఫుట్లు. దాంట్లోనే హై అవుట్‌పుట్ రకం 500, 1,200. షెవర్లే, జీఎంసీల్లో 6.6 లీటర్ల గ్యాస్ ఇంజన్ 401 హార్స్‌పవర్, 464 పౌండ్-ఫుట్లు, అదే 6.6 లీటర్ల డ్యూరామాక్స్ డీజిల్ 470, 975. రామ్‌లో 6.4 లీటర్ల హెమీ గ్యాస్ ఇంజన్ ఉంది. దాని డీజిల్ కమిన్స్ 6.7 లీటర్ల ఆరు సిలిండర్లది, 2025 మోడల్ నుంచి 430 హార్స్‌పవర్, 1,075 పౌండ్-ఫుట్లు.

హార్స్‌పవర్‌లో తేడా పెద్దగా లేదు. టార్క్ మాత్రం డీజిల్‌లో రెట్టింపు పైనే. అంతకంటే ముఖ్యమైనది ఆ టార్క్ ఎక్కడ దొరుకుతుందన్నది. డీజిల్‌కి 1,600, 1,800 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి లాగుడు వచ్చేస్తుంది. గ్యాస్ ఇంజన్ 4,000 దాకా వెళ్లాలి. అందుకే గ్యాస్ ట్రక్ ట్రెయిలర్‌తో గుట్ట ఎక్కుతుంటే గేర్లు దించుకుని గట్టిగా అరుస్తుంది. కొత్తవాళ్లు ఇంజన్ పోతుందేమోనని భయపడతారు. అది అలా తిరగడానికే తయారైన ఇంజన్, ఏమీ కాదు. కానీ ఆ అరుపు రెండు గంటలు వింటూ ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడం కష్టం. మీరు ఏటా ఒకసారి ఓర్చుకోగలరా, నెలకి రెండుసార్లు ఓర్చుకోగలరా అన్నది మీకే తెలుస్తుంది.

గ్యాస్ తీసుకుంటే యాక్సిల్ రేషియో (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ వైపు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న అంకె) దగ్గర పిసినారితనం వద్దు. ఫోర్డ్‌లో 3.73 బదులు 4.30, రామ్‌లో 4.10 అడగండి. ఖాళీగా తిరిగేటప్పుడు కాస్త ఎక్కువ తాగుతుంది, లాగేటప్పుడు ఆ కొద్ది డబ్బుకి మించిన సుఖం ఇస్తుంది.

డ్రైవర్ డోర్ తీసి స్టిక్కర్ చదవండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. షోరూంలో నిలబడి డ్రైవర్ వైపు డోర్ తెరవండి. డోర్ మూసుకునే స్తంభం మీద పసుపూ తెలుపూ కలిసిన టైర్ల స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. అదే ఆ ట్రక్ పేలోడ్. బ్రోషర్‌లో ఉన్న పేలోడ్ ఏదో ఖాళీ మోడల్‌ది. స్టిక్కర్ మీదున్నది మీ ముందున్న బండిది. జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు మించిన ట్రక్కుల మీద ఆ స్టిక్కర్ లేకపోవచ్చు. అప్పుడు పక్కనున్న సర్టిఫికేషన్ లేబుల్ మీది జీవీడబ్ల్యూఆర్‌లోంచి బండి అసలు బరువు తీసేయాలి.

డీజిల్ ఇంజనూ దాని సరంజామా గ్యాస్ ఇంజన్ కంటే ఐదారు వందల పౌండ్లు ఎక్కువ తూగుతాయి. 2500 తరగతి ట్రక్కుల్లో చాలావాటి జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్ల దగ్గరే ఆపి ఉంటుంది. ఇంజన్ బరువు పెరిగితే ఆ మేరకు పేలోడ్ తగ్గాల్సిందే. దాని మీద నాలుగు డోర్ల క్రూ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్ అన్నీ వేసిన పై మోడల్ తీసుకుంటే స్టిక్కర్ మీద అంకె 2,300, 2,400కి పడిపోవడం మామూలే. అంటే ఎక్కువ లాగే ఇంజన్ ఉన్న ట్రక్కే తక్కువ మోస్తుంది. ఈ సంగతి సేల్స్‌మన్ తనంతట తాను చెప్పడు.

లెక్క వేసి చూద్దాం. మీకు 14,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ఆర్‌వీ ఉంది, అంటే ట్రక్ వెనక తొట్టిలో (బెడ్) తగిలించే రకం. దాని బరువులో ఐదో వంతు ట్రక్ బెడ్ మీద పడుతుంది, అంటే 2,800. బెడ్‌లో బిగించే హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మరో 150. మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, మంచినీళ్ల కేసులు కలిపి 600. మొత్తం 3,550. లాగుడు పరంగా ఆ డీజిల్ 2500కి 14,000 ఓ లెక్క కాదు. కానీ మోత పరంగా 1,100 పౌండ్ల పైనే దాటేశారు. దీనికి మందు ఒక మెట్టు పైనున్న 3500 తరగతి. డీజిల్ కావాల్సినంత బరువుంటే చాలాసార్లు 3500 కూడా కావాల్సి వస్తుంది. ధరలో ఆ తేడా ఇంజన్ తేడాతో పోలిస్తే చిన్నదే.

మామూలు బాల్ హిచ్ ట్రెయిలర్ అయితే బరువులో 10 నుంచి 15 శాతమే హిచ్ మీద పడుతుంది. అందుకే ట్రాక్టర్ లాగేవాళ్లకి ఈ గొడవ అంతగా రాదు.

అనుమానముంటే తూచుకోవచ్చు. హైవే పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బోర్డు ఉంటుంది. ట్రెయిలర్ తగిలించుకుని వెళ్లి దాని మీద ఆపితే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రెయిలర్ యాక్సిళ్లు విడివిడిగా తూచి కాగితం ఇస్తారు. ఇంకో సంగతి, ట్రక్, ట్రెయిలర్ల రేటింగులు కలిపి 26,000 పౌండ్లు దాటితే టెక్సాస్‌లో సొంత పనికైనా నాన్ కమర్షియల్ క్లాస్ ఏ లైసెన్సు కావాలి. మామూలు కారు లైసెన్సుతో నడిపితే ఇబ్బందే.

ఎంత ఎత్తుకి వెళ్తారో చూసుకోండి

టర్బో లేని గ్యాస్ ఇంజన్ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకి సుమారు 3 శాతం పవర్ కోల్పోతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచన. డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరకి వెళ్తే ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడికి చేరేసరికి 430 హార్స్‌పవర్ 300 దగ్గరికి వచ్చేస్తుంది. డీజిల్‌లో టర్బో గాలిని నొక్కి పంపుతుంది కాబట్టి ఆ నష్టం అంతగా తెలియదు.

ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. డాష్‌బోర్డ్ మీద బటన్ నొక్కితే, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఆపుతుంది. ఏడు శాతం వాలులో 12,000 పౌండ్ల ట్రెయిలర్ వెనక నుంచి తోస్తుంటే బ్రేక్ పెడల్ దాదాపు తొక్కకుండానే దిగొచ్చు. గ్యాస్ ట్రక్కులో టో-హాల్ (బరువు లాగే) మోడ్ పెడితే గేర్లు దించి కొంత పడుతుంది, కానీ బ్రేకుల మీద పని ఎక్కువ. కొలరాడో, యూటా కొండల్లో ఆర్‌వీతో ప్రతి ఎండాకాలం తిరిగే ఉద్దేశం ఉంటే నా ఓటు డీజిల్‌కే. ఆ 10,000కి ఈ ఒక్క సుఖమే సగం జవాబు.

ఇప్పుడు డబ్బు లెక్క

హెవీ డ్యూటీ ట్రక్కుల కిటికీ మీద మైలేజీ స్టిక్కర్ ఉండదు. 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకి ఆ నిబంధన వర్తించదు. కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి. గ్యాస్ గ్యాలన్ 3 డాలర్లు, డీజిల్ 3.60 అనుకుందాం. మీ ఊరి ధరలు పెట్టుకుని మళ్లీ వేయండి.

ఏడాదికి 15,000 మైళ్లు, అంతా ఖాళీగానే. గ్యాస్ ట్రక్ గ్యాలన్‌కి 14 మైళ్లు, డీజిల్ 18 ఇస్తే, గ్యాస్‌కి ఏటా 3,200 డాలర్ల చిల్లర, డీజిల్‌కి 3,000. మిగిలేది 200. అవే 15,000 మైళ్లు మొత్తం ట్రెయిలర్‌తోనే తిరిగితే గ్యాస్ 8, డీజిల్ 11 అనుకోండి. గ్యాస్‌కి 5,600, డీజిల్‌కి 4,900. మిగులు 700. అంటే నిత్యం లాగేవాళ్లకి కూడా 10,000 తిరిగి రావాలంటే పద్నాలుగేళ్లు. ఖాళీగా తిరిగేవాళ్లకి ఈ జన్మలో రాదు.

ఆ 10,000 లోన్‌లో కలిపితే 7 శాతం వడ్డీకి ఆరేళ్లపాటు నెలకి 170 డాలర్లు, వడ్డీ ఒక్కటే 2,200 పైన. దీని మీద సేల్స్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ పెరుగుదల.

డీజిల్ తరఫున చెప్పాల్సింది రీసేల్. పాత డీజిల్ ట్రక్కుకి గిరాకీ ఎక్కువ, మీరు అదనంగా పెట్టినదాంట్లో మంచి భాగం అమ్మేటప్పుడు తిరిగొస్తుంది. బరువులు లాగిన ఇంజన్ రెండు మూడు లక్షల మైళ్లు తిరిగినా పనికొస్తుందన్న నమ్మకం మార్కెట్లో ఉంది. మీరు పదేళ్లు ఉంచుకుని ఏటా 8,000 మైళ్లు తిరిగితే ఆ ఆయుష్షులో సగం కూడా వాడుకోరు. రెండోవాడి కోసం మీరు డబ్బు కట్టినట్టే.

వ్యాపారం పేరు మీద కొంటున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. సెక్షన్ 179 (వ్యాపారానికి కొన్నదాని ఖర్చు పన్ను లెక్కలో చూపించుకునే నిబంధన) కింద పెద్ద ఎస్‌యూవీలకి ఉన్న పరిమితి, లోపలి కొలత కనీసం ఆరు అడుగులున్న బెడ్ పికప్‌కి వర్తించదు. షార్ట్ బెడ్ కొలత మోడల్‌ని బట్టి మారుతుంది. సంతకం పెట్టకముందే మీ సీపీఏని (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) అడగండి.

రోజూ ఎలా నడుపుతారో నిజాయితీగా చెప్పుకోండి

ఉదయం పిల్లల్ని స్కూల్లో దింపడం, ఆఫీసు మూడు మైళ్లు, సాయంత్రం కాస్ట్‌కో, ఆదివారం గుడి. ఇదే మీ వారమైతే డీజిల్ మీకు శత్రువు. డీజిల్ ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. 2007 నిబంధనలతో వచ్చింది. అది నిండాక ట్రక్ దానంతట అదే వేడి పెంచి ఆ మసిని కాల్చేసుకుంటుంది. దానికి హైవే మీద పావుగంట, అరగంట ఆగకుండా నడవాలి. మీరు ప్రతిసారీ మధ్యలో ఆపేస్తుంటే కాలడం పూర్తికాదు, మసి పేరుకుంటుంది, చివరికి వార్నింగ్ లైటు, సర్వీస్ సెంటర్, పెద్ద బిల్లు. ఇంటి ముందు ఆపినప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే ఆ పని నడుస్తున్నట్టు. ఆఫ్ చేయకుండా ఇంకో చుట్టు తిప్పి రండి. పొలంలో ఎండుగడ్డి మీద మాత్రం అప్పుడు ఆపొద్దు. ఎగ్జాస్ట్ వేడికి గడ్డి అంటుకుంటుంది.

రెండోది డెఫ్, ఎగ్జాస్ట్ పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. మన పొలాల్లో చల్లే యూరియా కుటుంబమే, కానీ ఎరువుల బస్తా కలిపితే ఇంజన్‌కి ఒప్పదు. నీలం మూత ఉన్న ట్యాంకులో పోయాలి. దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాల్సి రావచ్చు. డెఫ్ అయిపోతే ట్రక్ ముందు హెచ్చరిస్తుంది, పట్టించుకోకపోతే వేగం తగ్గించేస్తుంది. జగ్గులు కొనేకంటే ట్రక్ స్టాప్‌లో పంపు దగ్గర పోసుకోవడం చవక.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండైతే పంపు దగ్గర ఒకసారి అందరికీ చూపించండి. అమెరికాలో డీజిల్ నాజిల్ సాధారణంగా ఆకుపచ్చ రంగు. కానీ బీపీ బంకుల్లో గ్యాస్ నాజిలే ఆకుపచ్చ. రంగు చూసి పట్టుకోవద్దు, అక్షరాలు చదవాలి. గ్యాస్ కొట్టేశారని తెలిస్తే తాళం కూడా తిప్పొద్దు, టో ట్రక్ పిలవండి. తాళం తిప్పితే చాలు, పంపు దాన్ని లోపలికి లాగేస్తుంది. హై ప్రెషర్ పంపు పాడై లోహపు పొడి ఇంజెక్టర్లలోకి చేరితే ఖర్చు పదివేలు దాటుతుంది.

పంపు దగ్గరే డీజిల్‌కి ఒక పెద్ద లాభం కూడా ఉంది, దీన్ని చాలామంది లెక్కలో వేయరు. 30 అడుగుల ట్రెయిలర్‌తో డీజిల్ ట్రక్ నేరుగా లారీల లేన్‌లోకి వెళ్లి, కొట్టించుకుని, నేరుగా బయటికి రావచ్చు. గ్యాస్ ట్రక్ అయితే కార్ల మధ్య ఇరుక్కుని, వెనక ట్రెయిలర్ ఎవరి బంపర్‌కి తగులుతుందో అని చూసుకుంటూ తిప్పాలి. లారీల లేన్‌లో నాజిల్ లావుగా ఉంటుంది, జోరుగా కొడుతుంది, నురగ పొంగి మీద పడుతుంది. గ్లోవ్స్ ఉంచుకోండి, డీజిల్ వాసన చేతికి పట్టిందంటే సాయంత్రం దాకా వదలదు.

సర్వీసింగ్ తేడా చెప్పాలంటే ఆయిల్ దగ్గరే తెలుస్తుంది. ఫోర్డ్ 7.3 గ్యాస్‌కి 8 క్వార్టులు, కమిన్స్‌కి 12. డీజిల్‌కి ఫ్యూయల్ ఫిల్టర్లు అదనం, 15,000 నుంచి 30,000 మైళ్లకోసారి మార్చాలి. వారంటీ కాగితంలో ఇంజన్ భాగం చదవండి. డీజిల్‌కి ఐదేళ్లు లేదా 1,00,000 మైళ్లు మామూలుగా ఉంటుంది, గ్యాస్‌కి ఎంతో విడిగా అడగండి.

మిన్నెసోటా, మిషిగన్ లాంటి చోట్ల ఉండేవాళ్లకి ఒక మాట. చలికి డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇంజన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ పెట్టించుకోండి, టెక్సాస్‌లో నింపిన ట్యాంకుతో జనవరిలో ఉత్తరానికి వెళ్తుంటే యాంటీ జెల్ కలపండి.

టెస్ట్ డ్రైవ్, ఆపైన ఆర్డర్

ఖాళీ ట్రక్ నడిపి ఏదీ తేల్చుకోలేరు. ఖాళీగా రెండూ బాగానే ఉంటాయి, గ్యాస్ నిశ్శబ్దంగా ఉండి ఇంకా నచ్చుతుంది. తెలిసినవాళ్ల ట్రక్ ఉంటే, లేదా అద్దెకి దొరికితే, మీ ట్రెయిలర్ తగిలించుకుని ఒక ఫ్లైఓవర్ ఎక్కి హైవేలో కలవండి. అక్కడ ఎంత దూరంలో 65 అందుకుంటుందో, మీ భుజాలు ఎంత బిగుసుకుంటాయో గమనించండి.

పాత డీజిల్ కొంటుంటే కింద వంగి ఎగ్జాస్ట్ గొట్టం చూడండి. కొందరు డీపీఎఫ్, డెఫ్ వ్యవస్థ తీసేసి నేరు గొట్టం పెడతారు, డిలీట్ అంటారు. అది క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. రేపు కాలిఫోర్నియా వంటి చోటికి మారితే రిజిస్ట్రేషనే కాదు. ఎంత చవకైనా వద్దు.

ఇంకా ఒక చిన్న పని. క్రూ క్యాబ్ షార్ట్ బెడ్ ఎఫ్-250 పొడవు 20 అడుగుల 10 అంగుళాలు. మన సబ్‌డివిజన్ ఇళ్లలో గరాజ్ లోతు చాలాచోట్ల 20 అడుగులే. టేపు పెట్టి కొలవండి, ట్రెయిలర్ డ్రైవ్‌వేలో పెట్టనిస్తారో లేదో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు కూడా చదవండి.

డీలర్ దగ్గర సిద్ధంగా ఉండేవి చాలావరకు అన్ని హంగులూ వేసిన పై మోడళ్లే. మీ లెక్క ప్రకారం కావాల్సింది మధ్య మోడల్, 4.30 యాక్సిల్, 7.3 గ్యాస్ అయితే, లాట్‌లో లేదని వేరేదానికి ఒప్పుకోకండి. ఫ్యాక్టరీ ఆర్డర్ పెట్టించండి. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి. బండి వచ్చాక డబ్బు కట్టకముందు మళ్లీ డోర్ తెరిచి ఆ స్టిక్కర్ మీది పేలోడ్ అంకె చదవండి. మీ కాగితం మీది మొత్తం కంటే అది ఎక్కువుంటేనే తాళం తీసుకోండి.